సేవ చేసే చేతులకూ హక్కుంది

తార్నాక చౌరస్తా నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోకి సాగే దారిలో తెల్లవారుజామున నడిచేవారిలో అధికులు పదవీ విరమణ చేసినవారే. విశ్వవిద్యాలయంలో, ఆర్టీసీలో, రైల్వేలో, చుట్టుపక్కల పరిశోధన సంస్థలలో జీవితమంతా పనిచేసినవారు ఈ పరిసరాల్లోనే ఇళ్లు కట్టుకుని స్థిరపడ్డారు. ఫజ్ర్ నమాజు ముగించుకుని మేమూ ఆ దారినే నడుస్తాం. కొన్నేళ్ల క్రితం ఒక ఉదయం మా పెద్దన్నగారు ఆ నడకకు వెళ్లి తిరిగి రాలేదు. విశ్వవిద్యాలయ కార్యాలయంలో ముప్ఫయ్యేళ్లకు పైగా ఉద్యోగం చేసిన మనిషి ఆయన. ఆ ప్రాంగణంలో ఆయనకు తెలియని చెట్టు లేదు. జుహ్ర్ వేళకు ఆర్ట్స్ కళాశాల మెట్ల మీద కూర్చుని ఉండగా కాపలా ఉద్యోగి ఒకరు గుర్తుపట్టి కబురు చేశారు. మేము వెళ్లేసరికి చొక్కా గుండీలు సరిచేసుకుంటూ "ఆఫీసు ఇంకా తెరవలేదు" అన్నారు. ఆయన రిటైరై అప్పటికి పద్నాలుగేళ్లు.

వైద్యులు దానికి డిమెన్షియా అని పేరు చెప్పారు. ఆ రోజు నుండి ఆయనకు కాపలా, నర్సు, వంటమనిషి, జ్ఞాపకశక్తి అన్నీ మా భాబీ ఒక్కరే అయ్యారు. ఆయన రాత్రి రెండు గంటలకు లేచి తలుపు గొళ్లెం తీస్తే ఆమె లేవాలి. స్నానం చేయనని మొండికేస్తే ఆమె బతిమాలాలి. ఏడాది గడిచాక ఆమె రక్తపోటు చూసిన వైద్యుడే ఒక సలహా ఇచ్చారు. రెండు వారాలు ఆయనను సంరక్షణ కేంద్రంలో ఉంచి ఈమెకు విశ్రాంతి ఇవ్వండి, లేకపోతే రోగులు ఇద్దరవుతారు అన్నారు. ఇంట్లో అందరం కూర్చున్నాం. కాదన్నది మరెవరో కాదు, మేమే. మన ఖాన్‌దాన్‌లో పెద్దవాళ్లను బయట పెట్టిన చరిత్ర లేదన్నాం. జమాత్‌లో నలుగురూ ఏమనుకుంటారన్నాం. భాబీ ఏమీ మాట్లాడలేదు. ఆ మౌనాన్ని మేము అంగీకారం అనుకున్నాం.

ఎనిమిది నెలల తర్వాత ఒక రాత్రి స్నానాల గదిలో ఆయనను లేపబోయి ఆమె జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రి వరండాలో స్ట్రెచర్ మీద పడుకుని ఆమె మాతో అన్న మాట ఇది: "మీరందరూ ఆయన ఇజ్జత్ గురించి మాట్లాడారు. నా నిద్ర గురించి ఎవరూ అడగలేదు."

సొంత ఇంటి సంగతి సంపాదకీయంలో రాయడం మాకు అలవాటు లేదు. కానీ ఈ పత్రిక పాఠకుల ఇళ్లలో ఇలాంటి భాబీలు, బహూలు, పెళ్లి వాయిదా వేసుకున్న కూతుళ్లు ఎందరో ఉన్నారని మాకు తెలుసు. హక్కుల గురించి నెలనెలా రాసే మేము మా ఇంట్లోనే ఒక హక్కును గుర్తించలేకపోయాం. కనుక ఈసారి వేలు ముందుగా మా వైపే చూపుకుని మొదలుపెడుతున్నాం.

మొదట మాటల అర్థాలు తేల్చుకుందాం. వీటి విషయంలో గందరగోళమే సగం భయానికి కారణం. వృద్ధాశ్రమం అనగానే ఎవరూ లేనివారిని వదిలేసే చోటు అన్న ఊహ మనలో పాతుకుపోయింది. అసిస్టెడ్ లివింగ్ అంటే స్నానం, మందులు, భోజనం, నడక వంటి నిత్యావసరాలకు మనిషి సాయం దొరికే నివాసం. కుటుంబం రాకపోకలు సాగిస్తూనే ఉంటుంది. రెస్పైట్ కేర్ అంటే సేవ చేసే మనిషికి ఊపిరి పీల్చుకునే వ్యవధి. అది వారానికి ఒక పూట ఇంటికి వచ్చే సహాయకురాలు కావచ్చు, పగటిపూట సంరక్షణ కేంద్రం కావచ్చు, పది పదిహేను రోజుల తాత్కాలిక బస కావచ్చు. ఈ మూడింటికీ ఒకే ముద్ర వేసి 'బయట పెట్టడం' అని పిలవడం వల్లనే మేము ఆ రోజు కాదనగలిగాం.

ఇది ఏ కొద్దిమందికో వచ్చిన కష్టం కాదు. దేశవ్యాప్తంగా 2017-18లో మొదలైన వృద్ధుల దీర్ఘకాలిక అధ్యయనం లాసీ. దాని అనుబంధ పరిశోధన ప్రకారం 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో అంచనా వేశారు. పురుషులలో కన్నా స్త్రీలలో ఇది ఎక్కువ. పక్షవాతం, మోకాళ్ల అరుగుదల, మధుమేహంతో చూపు పోవడం వంటివి దీనికి అదనం. సంతానం ఒకరు జెద్దాలో, ఒకరు షికాగోలో ఉంటే ఇంట్లో మిగిలేది వృద్ధ దంపతులే. వారిలో కాస్త తిరగగలిగినవారే రెండోవారికి నర్సు.

మన నగరానికి ఈ విషయంలో చెప్పుకోదగిన ఒక చరిత్ర ఉంది. నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి నాయకత్వంలో 648 మంది డిమెన్షియా రోగులపై జరిగిన పరిశోధన 2013లో ప్రచురితమై ప్రపంచం దృష్టిని ఆకర్షించింది. ఒకే భాష మాట్లాడేవారికన్నా రెండు భాషలు మాట్లాడేవారిలో ఈ వ్యాధి సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడుతున్నట్లు అందులో తేలింది. చదువురానివారిలోనూ ఈ తేడా కనిపించింది. ఉస్మానియా భాషాశాస్త్ర విభాగానికి చెందిన ఆచార్య దుగ్గిరాల వసంత ఆ పరిశోధకులలో ఒకరు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే మనవంటివారికి ఇది ఊరట కలిగించే మాట. అయితే ఆలస్యం కావడం వేరు, రాకపోవడం వేరు. వచ్చాక ఆ బరువు మోసేది ఎవరన్న ప్రశ్నకు ఏ పరిశోధనాశాలా జవాబు చెప్పదు. ఆ జవాబు కుటుంబమూ, సమాజమూ, ప్రభుత్వమూ చెప్పాలి.

ఇక ధర్మం సంగతి. తల్లిదండ్రులలో ఒకరు గాని ఇద్దరూ గాని వృద్ధాప్యానికి చేరితే వారిని 'ఉఫ్' అని కూడా అనవద్దని దివ్య ఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరాలో ఆదేశించింది. ఇది మన పిల్లలకు కూడా కంఠతా వచ్చు. ఈ ఆదేశాన్నే చూపి, ఇల్లు దాటించడం పాపమని మేమూ వాదించాం. ఇప్పుడు ఆలోచిస్తే అదే ఆదేశం మమ్మల్ని నిలదీస్తోంది. నాలుగు రాత్రులు నిద్రలేని మనిషి నోట 'ఉఫ్' రాకుండా ఉండాలంటే అయిదో రాత్రి ఆ మనిషికి నిద్ర కావాలి. ఆ నిద్రకు ఏర్పాటు చేయకుండా ఓర్పు గురించి ఉపన్యసించడం ధర్మం కాదు, మన బాధ్యతను మరొకరి నడుము మీద మోపడం.

సల్మాన్ ఫార్సీ (ర), అబూ దర్దా (ర) వృత్తాంతం మనకు తెలిసిందే. పగలు ఉపవాసాలతో, రాత్రులు నమాజులతో గడుపుతూ ఇంటిని పట్టించుకోని మిత్రునికి సల్మాన్ చెప్పిన హితవు ఏమిటి? ప్రభువుకు నీపై హక్కున్నట్టే నీ శరీరానికీ నీ ఇంటివారికీ నీపై హక్కుంది అన్నారు. సల్మాన్ నిజం పలికాడని దైవప్రవక్త ముహమ్మద్ (స) ధ్రువీకరించారు. ఆరాధన విషయంలోనే శరీరానికి హక్కు ఉందంటే, సేవ విషయంలో ఎందుకుండదు?

మరొక సంగతి కూడా నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. తల్లిదండ్రుల సేవ సంతానంపై ఉన్న విధి. అత్తమామల సేవ కోడలికి ఉత్తమ నడత, పుణ్యకార్యం. అది ఆమెపై షరీఅత్ మోపిన విధి కాదని ఎందరో ఉలమాలు స్పష్టం చేశారు. మన ఇళ్లలో మాత్రం విధి కొడుకుది, పని కోడలిది. నిర్ణయం తీసుకునే సభలో కుర్చీలు మగవారివి, వంటగది గుమ్మం దగ్గర నిలబడి వినేది ఆమె. ఈ ఏర్పాటుకు ధర్మం పేరు పెట్టకుండా ఉంటే అంతే చాలు.

మరి నిర్ణయం ఎలా తీసుకోవాలి? మా పొరపాట్ల నుండి మేము నేర్చుకున్నది చెబుతాం. మొదటి ప్రశ్న వృద్ధుని గురించి కాదు, సేవ చేసే మనిషి గురించి అడగాలి. ఆమె రాత్రి వరుసగా ఎన్ని గంటలు నిద్రపోతోంది? తన మందులు తాను వేసుకుంటోందా? చివరిసారి పుట్టింటికి ఎప్పుడు వెళ్లింది? తర్వాత భద్రత. ఆయన ఒంటరిగా బయటికి వెళ్లిపోతున్నారా? గ్యాస్ పొయ్యి వెలిగించి మరచిపోతున్నారా? నెలలో రెండుసార్లు పడిపోయారా? లేపి కూర్చోబెట్టడానికి ఇద్దరు మనుషులు కావలసి వస్తోందా? ఈ ప్రశ్నలలో రెండు మూడింటికి వచ్చే జవాబు ఆందోళన కలిగిస్తే, సాయం తీసుకోవలసిన సమయం వచ్చిందనే అర్థం.

అన్నిటికన్నా పెద్ద మెట్టు మొదటే ఎక్కనవసరం లేదు. వారానికి రెండు పూటలు సహాయకురాలితో మొదలుపెట్టవచ్చు. పగటి కేంద్రం అందుబాటులో ఉంటే చూడవచ్చు. ఆపైన పది రోజుల తాత్కాలిక బస. శాశ్వత నివాసం చివరి మెట్టు. వృద్ధునికి మాట తెలిసే దశలోనే ఆయనను అడగాలి. మతిమరపు తొలిదశలో ఉన్నవారు తమ ఇష్టాయిష్టాలు చక్కగా చెప్పగలరు. మేము మా అన్నగారిని ఆ దశలో అడగలేదు. అడిగే సమయానికి ఆయన దగ్గర జవాబు లేదు. ఖర్చు లెక్క కూడా అందరి ముందూ వేయాలి. కూతుళ్లను పిలవాలి. విదేశంలో ఉన్న కొడుకు డబ్బు పంపి చేతులు దులుపుకోకుండా ఏటా కొన్ని వారాలు వచ్చి ఆ మంచం పక్కన ఉండాలి. ఇంటిని బిడ్డల పేర హిబా చేయదలచిన పెద్దలు, తమ పోషణ బాధ్యత షరతును పత్రంలో రాయించుకోవడం మరువరాదు. ఆ షరతు తప్పితే బదిలీని రద్దు చేయించే అవకాశం 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 23వ సెక్షన్ ఇచ్చింది.

కేంద్రాన్ని చూడబోయేవారికి ఒక మాట. ఉదయం పదింటికి చెప్పి వెళితే అన్నీ బాగానే ఉంటాయి. సాయంత్రం చెప్పకుండా వెళ్లండి. గదుల వాసన చూడండి. రాత్రి విధులలో ఎంతమంది ఉంటారో అడగండి. రోగులను మంచానికి కట్టివేస్తారేమో అడగడానికి మొహమాటపడకండి. ఏ సమయంలోనైనా రానిస్తామని రాతపూర్వకంగా ఇస్తారా అని అడగండి. మన విషయంలో అడగవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. భోజనం హలాల్‌దేనా? వుజూకు, నమాజుకు వీలుందా? స్త్రీలకు స్త్రీలే సేవ చేస్తారా? ఉర్దూ అర్థమయ్యేవారు ఒక్కరైనా ఉన్నారా? జ్ఞాపకశక్తి తగ్గేకొద్దీ చాలామంది చిన్ననాటి భాషలోకి వెనుదిరుగుతారు. "పానీ" అని అడిగితే అర్థం కాని చోట దాహం కూడా జబ్బుగానే నమోదవుతుంది.

మేము వాకబు చేసిన చోట్ల ఒక కేంద్రంలో పేరు చెప్పేవరకు పడక ఖాళీగా ఉంది, పేరు చెప్పాక లేదు. అది ఎక్కడో ఇక్కడ రాయం. అది ఒక్క చోటి జబ్బు కాదు, అద్దె ఇళ్ల నుండి అందరికీ తెలిసినదే. అదే సమయంలో ఇంకో నిజం కూడా చెప్పాలి. చివరకు మా అన్నగారిని చేర్చుకున్న చోటును నడిపేవారు ముస్లిములు కారు. అయినా ఖిబ్లా ఎటువైపో అడిగి తెలుసుకుని ఆయన కుర్చీని కిటికీ పక్కన అటు తిప్పి వేశారు. వృద్ధాప్యంలో వివక్ష లేని సంరక్షణ ఒకరి మంచితనం మీద ఆధారపడకూడదు. హక్కుగా అందాలి. మైనారిటీ హక్కులంటే విద్య, ఉద్యోగం, రిజర్వేషన్ అనే మన జాబితాలో ఈ అంశం ఇంతవరకు చేరలేదు. ఇకపై చేర్చాలి.

ప్రభుత్వ బాధ్యత ఎంత? పైన చెప్పిన 2007 చట్టం 19వ సెక్షన్ ప్రతి జిల్లాలో కనీసం ఒకటి, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చాలినంత వృద్ధాశ్రమం గురించి మాట్లాడుతుంది. కానీ రాష్ట్ర ప్రభుత్వం స్థాపించ'వచ్చును' అంటుంది, స్థాపించ'వలెను' అనదు. జీవితమంతా ఫైళ్ల మధ్య గడిపిన గుమాస్తాలుగా మాకు ఈ రెండు మాటల దూరం తెలుసు. 'వలెను' ఉన్న ఫైలు కదులుతుంది, 'వచ్చును' ఉన్నది బీరువాలో నిద్రిస్తుంది. డాక్టర్ అశ్వనీ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో జిల్లాలవారీగా వృద్ధాశ్రమాల వివరాలు సేకరించమని ఆదేశించి ఈ నిద్రను కొంత కదిపింది. తెలంగాణలో 33 జిల్లాలున్నాయి. మీ జిల్లాలో అటువంటి ఆశ్రమం ఉందా, అందులో మంచాన పడినవారిని చేర్చుకుంటారా అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఈ పని చేయడానికి పెద్ద సంఘం అక్కరలేదు, ఒక తెల్లకాగితం చాలు.

ఉన్న పథకాల హద్దులూ తెలుసుకోవాలి. 70 ఏళ్లు దాటినవారందరికీ ఆయుష్మాన్ భారత్ బీమా 2024 అక్టోబరులో విస్తరించింది. అది ఆసుపత్రిలో చేరితే అయ్యే ఖర్చుకే గాని, ఇంట్లో మంచాన ఉన్న మనిషికి సహాయకురాలి జీతానికి కాదు. ఆసరా వృద్ధాప్య పింఛను మందులకే చాలదు. తోడ్పాటు దొరికే చోట్లలో ఒకటి 14567 నంబరులోని ఎల్డర్ లైన్. దేశమంతటా ఉన్న ఈ ఉచిత సేవకు బీజం పడింది 2017లో మన హైదరాబాదులోనే. వేధింపు మొదలు వృద్ధాశ్రమాల సమాచారం వరకు వారిని అడగవచ్చు. సంతానం పోషణ మానేస్తే వకీలు లేకుండానే ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకునే వీలు పై చట్టం కల్పించింది.

ఇక సమాజం వంతు. ఖైరోలో సుల్తాన్ ఖలావూన్ 1284లో కట్టించిన ఆసుపత్రి వక్ఫ్ ఆదాయంతోనే శతాబ్దాలు నడిచింది. అంత దూరం ఎందుకు? పక్కనున్న కేరళను చూద్దాం. కోజికోడ్‌లో 1993లో కొందరు వైద్యులు మొదలుపెట్టిన పాలియేటివ్ సేవ, ముస్లిములు అధికంగా ఉన్న మలప్పురం జిల్లాలో ఇరుగుపొరుగు ఉద్యమంగా మారింది. దుకాణదారులు, విద్యార్థులు, గృహిణులు శిక్షణ పొంది మంచాన పడినవారి ఇళ్లకు వెళతారు. ఖర్చులో పెద్ద భాగం స్థానికుల చిన్న చిన్న విరాళాలే భరించాయి. 2008లో రాష్ట్ర ప్రభుత్వమే దీన్ని విధానంగా స్వీకరించింది. అక్కడ ముందుగా ప్రజలు నడిచారు, ప్రభుత్వం వెనుక వచ్చింది.

తార్నాకలో ఇది అసాధ్యమా? ఇక్కడ పదవీ విరమణ చేసిన నర్సులున్నారు, ఫార్మసిస్టులున్నారు, లెక్కలు రాయగల గుమాస్తాలకు కొదవే లేదు. ప్రాంగణంలో వేలాది విద్యార్థులున్నారు. మన మస్జిదు కమిటీలు జుహ్ర్ నుండి అస్ర్ వరకు ఖాళీగా ఉండే హాలును వారానికి రెండు రోజులు పెద్దల పగటి సంరక్షణకు ఇవ్వగలవు. మతం అడగకుండా పొరుగింటివారి పెద్దలనూ రానివ్వవచ్చు. స్వంత తల్లిదండ్రులకు జకాత్ చెల్లదు, వారి పోషణ సంతానం విధి. కానీ ఇరుగుపొరుగులోని నిరుపేద వృద్ధులకు, వారికి సేవచేసే అర్హులకు జకాత్, సదఖా చేరవచ్చు. రమజానులో పంచే ఇఫ్తార్ విందులలో ఒకటి తగ్గించినా ఒక సహాయకురాలి జీతం వెళుతుంది. రిజిస్టరైన సంస్థలు నిరుపేద వృద్ధుల గృహాలకు కేంద్ర ప్రభుత్వ గ్రాంటుకు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు.

1918లో ఈ ప్రాంగణపు విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఆరంభమైనప్పుడు, దానికి ముందే 1917లో దారుల్ తర్జుమా అనే అనువాద శాఖ ఏర్పడింది. వైద్యానికి, భౌతికశాస్త్రానికి, న్యాయానికి మన భాషలో మాటలు పుట్టించారు. రెస్పైట్ కేర్‌కు మాత్రం మన ఇళ్లలో ఇంకా మాట లేదు. అందువల్లనే కాబోలు, అది కావాలని నోరు తెరిచి అడగడం మా భాబీకి చేతకాలేదు, వినడం మాకు చేతకాలేదు. ఇకనైనా ఆ మాటను మన ఇళ్లలో పలకడం మొదలుపెడదాం.

మా అన్నగారు ఇప్పుడు ఇంట్లోనే ఉన్నారు. మూడు నెలలకొకసారి పది రోజులు ఆ కేంద్రానికి వెళతారు. మొదటిసారి దింపి వస్తున్నప్పుడు ఆయన మా చేయి పట్టుకుని వదల్లేదు. ఆ పట్టు గుర్తొస్తే నేటికీ మనసు బరువెక్కుతుంది. ఆ పది రోజులలో భాబీ తన చెల్లెలి ఇంటికి వెళ్లి వచ్చారు. తిరిగి వచ్చాక ఆయనకు అన్నం కలిపి తినిపిస్తూ ఆమె నవ్వడం మేము రెండేళ్ల తర్వాత చూశాం. రేపు ఆయనను అక్కడే ఉంచవలసిన రోజు రావచ్చు. ఆ మాట కూడా ఈసారి ఆమె ఎదుటే మాట్లాడుకున్నాం, ఆమె మాటే చివరిదని ఒప్పుకున్నాం.

పాఠకులకు మా విన్నపం ఒక్కటే. ఈ పత్రిక పక్కన పెట్టాక, మీ ఇంట్లో పెద్దలకు సేవ చేస్తున్న మనిషి దగ్గరకు వెళ్లి "రాత్రి నిద్రపట్టిందా?" అని అడగండి. జవాబు పూర్తిగా వినండి. విన్నాక, ఈ రాత్రి ఆ మంచం పక్కన మీరు పడుకోండి.